ఖాలి పేట

పొద్దున్నే ఫోన్ తెరిస్తే చాలు, మా ఇంటివాళ్ళ గ్రూపులో కొలెస్ట్రాల్‌కి ఇంటివైద్యం ఒకటి వచ్చి పడుంటుంది. మెంతులు నానబెట్టి తాగండి, వెల్లుల్లి నమలండి, ఉలవచారు పోసుకోండి, మందులతో పనే లేదు. పంపించేది బయటివాళ్ళు కాదు, మా మేనకోడలే. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతోంది. కింద ఒక ప్రశ్న తగిలిస్తుంది, "నిజమేనా అత్తా?" అని. నిజమే అంటే మాత్రలు మానెయ్యమని పదిమందికి చెప్తుంది. కాదు అంటే నాకు చాదస్తం ముదిరిందంటుంది. ఉద్యోగమంతా జనాల నరాలు వెతికీ వెతికీ నా కళ్ళు అలిసిపోయాయి. ఆ చిన్న అక్షరాలు నొక్కుతూ జవాబులివ్వడం నా వల్ల కాదు. అందుకని ఒక్కసారి కూర్చుని ఒక ఇంటి సంగతి రాసేస్తున్నాను. ఇది చదువుకుని, తర్వాత నన్ను విసిగించకండి.

నేను ఎక్కువకాలం పనిచేసింది రాయగడలో, ఒక ట్రస్టు నడిపే చిన్న ఆసుపత్రిలో. అంతకుముందు పొట్టంగి, లమ్తపుట్ వైపు కొండల్లో మలేరియా స్లయిడ్లు చూస్తూ కొన్నేళ్ళు గడిపాను. అక్కడ రక్తపరీక్ష అంటే వేలి చివర సూదిపోటు, ఒక చుక్క, అంతే. తిన్నావా, తాగావా అని అడిగే పనే లేదు. రాయగడ వచ్చాక అడగడమే నా ఉద్యోగం అయిపోయింది. తొంభైల చివరిరోజులు అవి. షుగరూ, బీపీ, కొలెస్ట్రాలూ బజారు వీధిలో ఒక్కో ఇంటికీ రావడం మొదలైంది. అవి కలిగినవాళ్ళ జబ్బులని, అందులోనూ మగవాళ్ళ జబ్బులని మా అందరికీ ఒక నమ్మకం.

ల్యాబ్ అంటే గొప్పగా ఊహించుకోకండి. మెట్ల కింద గది. రంగు చూసి అంకె చెప్పే మెషీన్ ఒకటి ఉండేది. కరెంటు పోతే దాని మనసు మారిపోయేది. మళ్ళీ వచ్చాక దాన్ని మొదటినుంచీ బతిమాలుకోవాలి. వర్షాకాలంలో మధ్యాహ్నానికే నాకు విసుగొచ్చేసేది.

డాక్టరు కటక్ వైపు కుర్రాడు. తెలివైనవాడు, ఓపికున్నవాడు. తెలుగే సరిగ్గా వచ్చేది కాదు. పేషంట్లలో సగం మంది విజయనగరం, పార్వతీపురం వైపునుంచి వచ్చి స్థిరపడిన మన వ్యాపారస్తులు. రక్తపరీక్ష రాసినప్పుడల్లా ఆయన "రేపు ఖాలి పేటతో రండి" అనేవాడు. ఒడియాలో పేట అంటే పొట్ట. తెలుగువాడికి పేట అంటే పేటే కదా. ఒకరోజు ఒక ముసలాయన మెట్ల దగ్గర నన్ను ఆపి, "ఏ పేటమ్మీ? ఏ పేట కాళీ అయింది?" అని గుసగుసగా అడిగాడు. డాక్టరుగారు ఎక్కడో అద్దె ఇల్లు చూపిస్తున్నారనుకున్నాడు పాపం.

ఆ గొడవ భరించలేక మా కాంపౌండరు ఒక బోర్డు రాశాడు. ఆయన బొబ్బిలి వైపు మనిషి. నాకన్నా బాగా పెద్దవాడు, నేను బాబాయీ అని పిలిచేదాన్ని. చేతిరాత ముత్యాల్లా ఉండేది. నీలం రంగుతో గుండ్రంగా రాసి గోడకి కొట్టాడు: రక్తపరీక్షకు ఉపవాసముతో రావలెను.

"ఉపవాసం తెలీని తెలుగోడుంటాడేటి?" అన్నాడు చేతులు తుడుచుకుంటూ. నిజమే అనుకున్నాం. అక్కణ్ణుంచి ఏ పేట అని అడిగినవాడు లేడు. అందరూ బుద్ధిగా ఉపవాసం చేసే వచ్చేవాళ్ళు. ఉపవాసమేనా అంటే అవుననేవాళ్ళు, అంతటితో నేనూ వదిలేసేదాన్ని.

ఇక సావుకారు సంగతి. బజారులో ఆయనది పెద్ద హోల్‌సేల్ దుకాణం. నూనె డబ్బాలు, వనస్పతి, మైదా, పంచదార, బియ్యం. కొల్నార వైపు పల్లెల్లో చిన్నకొట్లవాళ్ళంతా ఆయన దగ్గరే సరుకు ఎత్తుకునేవారు. ఈయనకి ముందు ఆ దుకాణం వాళ్ళన్నగారిది. ఆ అన్నగారు గల్లాపెట్టె ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒకరోజు పక్కకి ఒరిగిపోయాడు. గుండె. ఆయన భార్య అదే ఇంట్లో వెనకగదిలో ఉంటోంది. ఎక్కువ మాట్లాడదు.

తమ్ముడికీ అదే వయసు దగ్గరపడింది. కాళ్ళు లాగుతున్నాయని వచ్చి పరీక్ష చేయించుకుంటే కొలెస్ట్రాల్ బాగా ఎక్కువగా వచ్చింది. డాక్టరు మందు రాయబోయాడు. సావుకారు రెండు చేతులూ జోడించాడు.

"బిళ్ళలు మాత్రం వద్దండి. మా అన్న బిళ్ళలు మొదలెట్టిన ఏడే పోనాడు. ఇంకేటి సెయ్యమన్నా సేస్తాను."

జబ్బు ముదిరాకే బిళ్ళ మొదలెట్టి ఉంటారని ఆయనకి ఎంత చెప్పినా ఎక్కలేదు. డాక్టరు చివరికి ఒక రాజీకి వచ్చాడు. మూడు నెలలు తిండి మార్చండి, నడవండి. అంకె దిగితే సరే. దిగకపోతే మాత్రం నా మాట వినాలి, మందు వెయ్యాలి. సావుకారు ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడేగానీ, తిండి మార్చేది ఆయన కాదు కదా. పక్కనే నిలబడున్న ఆయన భార్య.

ఆవిడ్ని నేను అప్పా అనేదాన్ని. మావైపు అక్కని అలాగే పిలుస్తాం. మంచి పొడగరి, నిండైన మనిషి. నవ్వితే మెట్లమీద వరకూ వినిపించేది. డాక్టరు చెప్పింది తెలుగులో చెప్పించుకోడానికి తిన్నగా నా గదిలోకి వచ్చి, నా స్టూలు మీద తనే కూర్చుంది.

"సెప్పు అమ్మీ. ఏటి పెట్టాల, ఏటి మానాల?"

చెప్పాను. నెయ్యి, మీగడ, వనస్పతి బంద్. కాగిన నూనెలో మళ్ళీ కాచిన గారెలు, పకోడీలు బంద్. పొద్దున్న చోడి అంబలి, అదే రాగిజావ. మధ్యాహ్నం తెల్లన్నం తగ్గించి, ఉలవలు, పప్పులు, ఆకుకూరలు పెంచాలి. రాత్రి నానబోసిన మెంతులు పొద్దున్నే ఒక చెంచాడు. సాయంత్రం నాగావళి ఒడ్డుదాకా నడక. వెల్లుల్లి కూడా చెప్పాను. వెల్లుల్లి ఏం చేస్తుందో నాకు ఇప్పటికీ తెలీదు. పక్కన కూర్చోడం కష్టమవుతుందని మాత్రం తెలుసు.

ఆవిడ అంతా విని, "మా తోటికోడల్ని రోజూ సూస్తన్నాను కదమ్మీ," అంది. నవ్వులేదు ఆ గొంతులో. "ఆ గదిలో ఇంకో మంచం ఎయ్యడానికి సోటు లేదు. అంకె ఎలా దిగదో నేనూ సూస్తాను."

అన్నమాట నిలబెట్టుకుంది. వారంవారం సంతలో కొల్నార వైపు ఆడవాళ్ళ దగ్గర చోళ్ళు తనే బేరమాడి కొనేది. తనే విసిరించేది. సావుకారు మొదట్లో గొడవపెట్టాడు. "ఊరందరికీ బియ్యం అమ్మేవోణ్ణి, నాకు సోడంబలేటండీ!" అని డాక్టరు దగ్గర ఏడుపు. దుకాణానికి పంపిస్తే గిరాకీలకి కనిపించకుండా బస్తాల వెనక నక్కి తాగేవాడట. ఒకరోజు కొండమీదనుంచి వచ్చినవాళ్ళు చూడనే చూశారు. "సావుకారు మండియా పేజ్ తాగుతున్నాడు!" అని దుకాణమంతా నవ్వులు. వాళ్ళ మాటలో చోడి అంబలి అంటే అదే. రోజూ వాళ్ళు తాగేదే. ఆ తర్వాత సిగ్గు పోయి బాహాటంగానే తాగడం మొదలెట్టాడు. నడక కూడా అలవాటైంది. బొజ్జ కాస్త తగ్గింది. ఆసుపత్రి ముందునుంచి నడుస్తూ మా బాబాయికి చెయ్యూపేవాడు.

మూడు నెలలూ గడిచాయి. పరీక్షకి భార్యాభర్తలిద్దరూ పొద్దున్నే వచ్చారు. రక్తం తీసుకున్నాను. గొట్టాన్ని తిప్పే యంత్రంలో వేసి తీస్తే పైకి తేలిన సీరం తేటగా, లేత పసుపుగా ఉండాలి. ఇది తెల్లగా, పాలల్లే ఉంది. మెషీన్‌కి పెడితే అంకె ముందుకన్నా ఎక్కువ చూపించింది. ఇంకోసారి పెట్టాను. అదే. కాగితం మీద రాసి పైకి పంపించి, గొట్టాన్ని వెలుతురుకి పట్టుకుని చూస్తూ కూర్చున్నాను. నాకు నచ్చలేదు అది.

నేను మెట్లెక్కి వెళ్ళేసరికి డాక్టరు మందు రాసేశాడు. సావుకారు వరండాలో బెంచీమీద తల పట్టుకుని కూర్చున్నాడు.

"మూణ్ణెల్లు గడ్డి తిన్నాను. ఊరంతా నవ్వింది. ఏటయ్యింది? మా అన్న దారే నాదీను. ఇంక నన్నొదిలెయ్యండి, బతికినన్నాళ్ళు తినే పోతాను," అని చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ బిళ్ళలు కొనడని అందరికీ తెలుస్తూనే ఉంది. అప్ప గోడకి ఆనుకుని నిలబడింది. ఆవిడ నోరు మూసుకుని ఉండగా చూడ్డం నాకు అదే మొదటిసారి.

"అప్పా, పొద్దున్న ఏం పెట్టావు ఈయనకి?" అన్నాను.

"ఏటీ పెట్టలేదమ్మీ. ఉపవాసమే."

"ఏటీ అంటే అసలు ఏటీనా?"

"అన్నం ముట్టలేదు. ఒట్టు. నీరసం వస్తాదని గ్లాసుడు పాలిచ్చినాను. రెండు అరటిపళ్ళు. ఉపవాసమంటే ఉప్పుడుపిండి సెయ్యాల కదా, అది సేసినాను."

"దేంతో?"

"నేతితోనే. నూనెతో సేస్తే ఉపవాసమేటి?"

"నెయ్యి మానెయ్యమన్నాం కదా అప్పా!"

"రోజూ మానేసినాం కదమ్మీ!" అంది, నేనే తెలివితక్కువదాన్నన్నట్టు. "ఇది దేముడి పని. దేముడి కాడ పిసినారితనం పనికొస్తాదా? అంకె దిగాలని మొక్కుకుని, సేతినిండా పోసి సేసినాను."

నాకు నవ్వాగలేదు. మెట్లమీదే కూలబడి నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ కళ్ళనీళ్ళొచ్చాయి. ఆ అలసటలో అది నవ్వో ఏడుపో నాకే తెలియలేదు. గోడమీద మా బాబాయి నీలం అక్షరాలు కనిపిస్తున్నాయి. ఉపవాసముతో రావలెను. అందరూ ఉపవాసంతోనే వస్తున్నారు మరి. పాలూ, పళ్ళూ, నేతి ఉప్పుడుపిండీ తిని మరీ ఉపవాసంతో వస్తున్నారు.

డాక్టరుకి చెప్తే మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీలో వెనక్కి వాలి, "మా అమ్మ కూడా వ్రతం రోజు ఇంతే మేడమ్," అన్నాడు. మీలో చదువుకుంటున్నవాళ్ళ కోసం ఇంతే చెప్తాను. కొవ్వు తిని వచ్చినవాడి రక్తంలో అది ఇంకా తేలుతూ ఉంటుంది. సీరం మసకబారుతుంది. మా పాతకాలం మెషీన్ ఆ మసకని కూడా రంగే అనుకుని ఎక్కువ చెప్పేది. బాబాయి మాత్రం తన బోర్డుని చివరిదాకా సమర్థించుకున్నాడు. "నేను రాసిందాంట్లో తప్పేటుంది? తినీసి ఉపవాసమంటే నానేటి సెయ్యాల?" అంటూనే కింద ఇంకో వరస చేర్చాడు: మంచినీళ్ళు తప్ప ఏమియు తీసుకొనరాదు. ఫలహారము కూడా తినుటయే.

వారం తర్వాత సావుకారు మళ్ళీ వచ్చాడు. ఈసారి నిజంగా ఏమీ తినకుండా, మొహం వేలాడేసుకుని. సీరం తేటగా వచ్చింది. అంకె బాగా దిగింది. డాక్టరు కోరుకున్నదానికన్నా ఎక్కువే దిగింది. నాకు ఎంత సంతోషమేసిందంటే, కాగితం బాబాయి చేతికివ్వకుండా నేనే పట్టుకుని మెట్లెక్కాను. వనస్పతి మానడం వల్ల దిగిందా, అంబలి వల్లా, ఉలవల వల్లా, నడక వల్లా అంటే నేను చెప్పలేను. అన్నీ కలిసి పనిచేశాయి. అందరికీ ఇంత దిగదు కూడా. ఆయనకి దిగింది.

అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడొస్తుంది.

మర్నాడు పొద్దున్న ఇద్దరూ డాక్టరుకి దండం పెట్టుకోడానికి వచ్చారు. సావుకారు పైన డాక్టరు గదిలో కూర్చుని, అంబలి గొప్పతనం గురించి ఆయనకే ఉపన్యాసం ఇస్తున్నాడు. అప్ప స్టీలు డబ్బా పట్టుకుని నా గదిలోకి వచ్చింది. డబ్బానిండా సున్నుండలు. కొలెస్ట్రాల్ దిగిందని నేతి సున్నుండలు పంచడం ఎక్కడైనా ఉంటుందో లేదో నాకు తెలీదు, మా దగ్గర ఉంది.

నా స్టూలు మీద కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది. చలికాలం పొద్దున్న. నేను స్వెటర్ వేసుకుని ఉన్నాను. ఆవిడకి చెమట కారుతోంది. చేత్తో దవడ రుద్దుకుంటోంది.

"ఏంటప్పా అది?"

"గేసమ్మీ. ఈ మద్దెన నాలుగడుగులేస్తే సాలు, ఈ దవడా, ఈ బుజమూ లాగేస్తన్నాయి. సోడా తాగితే పోతాది."

"ఎన్నాళ్ళనుంచి?"

"ఎవులు సూసేరు? ఈయన అంకె గొడవలో పడి నాకేటీ తెలీలేదు."

డబ్బా వైపు చూశాను. ఆవిడ చెంపలకేసి చూశాను. మూడు నెలల్లో సావుకారు బొజ్జ తగ్గింది. ఈవిడ ఇంకా నిండుగా అయింది.

"అప్పా, బావగారు మానేసినవి ఇంట్లో వండడం కూడా మానేశారా?"

"ఎలా మానేస్తాం? పిల్లలున్నారు, మరుదులున్నారు, వచ్చీపోయీవోళ్ళున్నారు. అందరికీ వడ్డించినట్టే ఆయనకీ కంచంలో ఎయ్యాల కదా, లేకపోతే బాగోదు. ఆయన అంబలి తాగేసి, ముట్టకుండా లేచిపోతారు."

"మరి కంచంలోవి?"

ఆవిడ నాకేసి వింతగా చూసింది. "నేను తింటాను కదమ్మీ. పారబోస్తామేటి, నెయ్యోడుతున్న గారెల్ని?"

ఆ ఇంట్లో మగవాళ్ళంతా తిని లేచాక ఆడవాళ్ళు కూర్చుంటారు. అప్పకి చిన్నప్పుడే పెళ్ళయింది. అప్పట్నుంచీ ఆయన తిన్న కంచంలోనే తినడం అలవాటు. ఆయన మానేసిన ప్రతి చెంచా నెయ్యీ, ప్రతి గారె ముక్కా అదే కంచంలో ఆవిడకి మిగిలింది. ఆయనకి అంత కష్టపడి దించిన అంకె ఎక్కడికి పోతోందో మాలో ఒక్కరికీ తట్టలేదు.

నా మొహం చూసి ఆవిడకి ఏమనిపించిందో, గొంతు తగ్గించి, "నన్నేదో పుణ్యాత్మురాల్ని సెయ్యకు. నాకిష్టం కూడానమ్మీ," అంది. "దాసడమెందుకు?"

"చెయ్యి ఇలా పెట్టు," అన్నాను.

"నాకెందుకూ? పరీక్ష ఆయనది కదా!"

"పెట్టు అప్పా. ఏమైనా తిన్నావా పొద్దున్న?"

"ఆయన తినకండా నేనెప్పుడు తిన్నాను? డాక్టరుగారికి దండం పెట్టి వెళ్ళి తిందామన్నారు. నేను మంచినీళ్ళు కూడా తాగలేదు. ఆ ఉప్పుడుపిండి రోజూ అంతే, ఇంటికెళ్ళాకే తిన్నాను."

సూది గుచ్చాను. ఒడియాలో రాసినా, తెలుగులో రాసినా, ఏ బోర్డూ లేకపోయినా, ఆ ఇంట్లో ప్రతి పొద్దుటా నిజంగా ఖాలి పేటతో ఉండేది ఈవిడొక్కతే. ఆయన ఉప్పుడుపిండి తిని వచ్చిన రోజు కూడా ఆవిడ ఖాళీ కడుపుతోనే నా ముందు నిలబడింది.

ఆవిడ సీరం గాజులా తేటగా వచ్చింది. ఆయన పాలలాంటి సీరం అబద్ధం చెప్పింది. ఇది అబద్ధం చెప్పడానికి వీల్లేదు. మెషీన్‌లో పెట్టాను. అంకె చూసి, మళ్ళీ పెట్టాను. సావుకారుకి మొదట్లో వచ్చినదానికన్నా ఎక్కువ.

డాక్టరు కిందకి పరిగెత్తుకుని వచ్చాడు. ఈసీజీ తీశాడు. కాగితం పట్టీ పొడుగునా చూస్తూ చూస్తూ ఆ కుర్రాడి మొహం మారిపోయింది. మూడు నెలల నెయ్యి ఒక్కటే కాదిది, ఏళ్ళనాటిది, ఈ మూడు నెలలు మీద పడ్డాయంతే అన్నాడు. ఇప్పుడే విశాఖపట్నం తీసుకెళ్ళాలన్నాడు. సావుకారు మొదట నవ్వాడు.

"దీనికేటండీ గుండెజబ్బు! ఏనుగులాగుంటాది. గేసండి అది."

ఎవరూ నవ్వలేదు. ఆయన మా మొహాలు ఒక్కొక్కటీ చూశాడు. అప్పుడు మెట్టు మీద కూర్చుండిపోయాడు. "ఆడోళ్ళకి కూడా వస్తాదా అండీ?" అన్నాడు చిన్నపిల్లాడి గొంతుతో.

"వస్తాది సావుకార్," అన్నాడు డాక్టరు తన వచ్చీరాని తెలుగులో. "మనం చూసేది లేదు. అంతే."

ఆసుపత్రి జీపులోనే ఎక్కించాం. వెనకసీటులో పడుకోబెడుతుంటే అప్ప నా చెయ్యి పట్టుకుంది. భయంగా ఉందని చెప్తుందేమో అనుకున్నాను. "ఉలవలు నానబోసొచ్చినానమ్మీ ఆయనకి," అంది. "సాయంత్రానికి పులిసిపోతాయి. మా తోటికోడలికి ఎవులి సేతైనా కబురెట్టు." జీపు మలుపు తిరిగేదాకా చూసి లోపలికి వచ్చాను. టేబిల్ మీద సున్నుండల డబ్బా అలాగే ఉంది. ఎవరం ముట్టుకోలేకపోయాం. నాకు ఆ రోజు ఆ ఊరి మీద, ఆ కంచం మీద, నా మీద, అందరిమీదా కోపమొచ్చింది. కబురు మాత్రం పంపించాను.

బతికింది. గుండెకెళ్ళే నాళం ఒకటి చాలావరకూ పూడుకుపోయిందట. ఇంకొన్నాళ్ళు గేసనుకుని సోడా తాగుతూ ఉంటే మనిషి దక్కేది కాదన్నారట. అక్కడి డాక్టర్లు గుండెకి చెయ్యాల్సింది చేసి, బిళ్ళలు రాసి, తిండి మార్చమని చెప్పి పంపించారు. బిళ్ళంటే చావనుకున్న సావుకారు ఆ బిళ్ళలన్నీ సంచిలో పెట్టుకుని వచ్చి, ఏది పొద్దున్నో ఏది రాత్రో నాచేత మళ్ళీ చెప్పించుకుని వెళ్ళాడు.

తిరిగొచ్చాక చూడ్డానికి వాళ్ళింటికి వెళ్ళాను. సగమైపోయింది మనిషి. మరి తిండి సంగతేంటి అప్పా అన్నాను.

"నాకోసం ఏరే పొయ్యి ఎవులెడతారమ్మీ?" అంది.

"వేరే పొయ్యి ఎందుకు? ఆయన అంబలే నువ్వూ తాగు."

"ఆయనకి పోసినాక మిగిలితే తాగుతాను."

నాకు ఒళ్ళుమండింది. మంచంలో ఉన్న మనిషని కూడా చూడకుండా అరిచాను. తను వండిన అంబలి, తను కొన్న చోళ్ళు. ఆ ఇంట్లో ఆయనకోసం అందరి తిండీ తలకిందులు చేసిన మనిషికి, తనకోసం ఒక గ్లాసు ముందుగా పోసుకోడం మాత్రం చేతకాదు. వెనకగదిలోంచి తోటికోడలు తొంగిచూసి లోపలికి వెళ్ళిపోయింది. సావుకారు గుమ్మంలో నిలబడి విన్నాడు. చెప్పి చెప్పి నా నోరే నొప్పెట్టింది. ఇంటికొచ్చేశాను.

కాబట్టి మేనకోడలా, నువ్వు పంపించే మెంతులూ ఉలవలూ అబద్ధం కాదు. కొందరికి వాటితో సరిపోతుంది, కొందరికి బిళ్ళ కూడా కావాలి. ఎవరికేదో తేల్చేది రక్తం, నువ్వూ నేనూ కాదు. తిని వచ్చారా అని అడగడం నీకు కాలేజీలో నేర్పిస్తారు. ఆ ఇంట్లో ఆఖర్న తినేది ఎవరు, వాళ్ళు తినేదేంటి అని కూడా అడుగు. పక్కన నిలబడున్న మనిషిని కూడా ఒకసారి కూర్చోబెట్టు.

కొన్ని నెలలకి మళ్ళీ పరీక్షకి వచ్చారు, ఇద్దరూ. ఇద్దరి రక్తమూ తీశాను. వరండాలో బెంచీమీద కూర్చుని సావుకారు సంచిలోంచి స్టీలు కేరియర్ తీశాడు. అంబలి. అప్ప చెయ్యి దానంతటదే ముందుకొచ్చి, మూత తీసి, గ్లాసులో పోసి ఆయనకి అందించింది.

ఆయన తీసుకోలేదు. "ముందు నువ్వు తాగు," అన్నాడు.

ఆవిడ గ్లాసు పట్టుకుని నావైపు చూసింది, బాబాయివైపు చూసింది, మెట్లమీద నిలబడ్డ డాక్టరువైపు చూసింది. ఎవరో కసురుతారన్నట్టుంది ఆ చూపు.

"నాకలవాటు లేదండీ," అంది చివరికి.

"నాకు అంబలి అలవాటేటి?" అన్నాడు సావుకారు. "నువ్వు సేసినావు కదా అలవాటు."

ఆవిడ గోడవైపు తిరిగింది. ఒక్క గుక్క తాగి, గ్లాసు మళ్ళీ ఆయనకి చాపింది. ఆయన చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"మొత్తం," అన్నాడు.